గాలిచక్రాల రూపశిల్పి – జాన్ బాయిడ్ డన్‌లప్

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో మనం గమనించకుండా వాడుకొనే వస్తువుల వెనుక ఎందరో పరిశోధకుల శ్రమ దాగి ఉంటుంది. సైకిలు చక్రానికి గాలినింపిన రబ్బరు తొడుగును అమర్చి ప్రయాణాన్ని సుఖవంతం చేసిన ఒక పశువైద్యుని జీవితాన్ని పరిచయం చేయడం, నూతన కల్పన ఏ ఒక్కరి సొత్తూ కాదని, అది అనేకుల కృషితో పరిపూర్ణత పొందుతుందని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యాంశం

గోదావరి తూర్పు డెల్టాలో, ధవళేశ్వరానికి సమీపాన ఉన్న కడియం ప్రాంతం పూలతోటలకు, మొక్కల నర్సరీలకు దేశమంతటా పేరుపొందినది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం, దుళ్ళ మొదలైన గ్రామాలలో తరతరాలుగా అంటుమొక్కల పెంపకం ఒక విద్యగా వర్ధిల్లుతున్నది. తోట నుండి రహదారికి, రహదారి నుండి సంతకు పూలను, మొక్కలను చేరవేసిన వాహనం చిరకాలం పాటు సైకిలే. వేకువనే పూలబుట్టను వెనుక క్యారియరుకు బిగించుకొన్న రైతు బయలుదేరే ముందు వెనుక చక్రాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తాడు. గాలి తక్కువైతే బండి బరువెక్కుతుంది. కాలువగట్టు మలుపులో చక్రం పక్కకు జారినట్లు తూలుతుంది. గాలి మరీ ఎక్కువైతే ప్రతి గతుకూ బుట్టకు తగులుతుంది, పూలు నలుగుతాయి. ఈ రెండింటి నడుమ ఉన్న హద్దు ఆ బొటనవేలికి తెలుసు. ఆ వేలికి తగిలే గాలిని చక్రంలో బంధించి లోకానికి అందించినవాడు జాన్ బాయిడ్ డన్‌లప్.

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశంలోని ఐర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ అన్న మాట బాల్యం నుండి ఆయన చెవిన పడుతూ వచ్చింది. తన దేహం సుకుమారమైనదనే భావన ఆయన మనస్సులో స్థిరపడిపోయింది. జీవితాంతం ఆహార విహారాలలో మితం పాటించాడు. ఎడింబరో నగరంలోని పశువైద్య కళాశాలలో విద్య పూర్తిచేసి, పందొమ్మిదేళ్ళ వయస్సులోనే వైద్యవృత్తిలో ప్రవేశించాడు. 1867లో ఐర్లండుకు వెళ్ళి, కొంతకాలం డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరునితో కలసి పనిచేసి, అనంతరం బెల్‌ఫాస్ట్ నగరంలో సొంత వైద్యశాల నెలకొల్పాడు. అది కాలక్రమంలో ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలల్లో ఒకటిగా పేరు తెచ్చుకొన్నది. గుర్రమే ప్రధాన వాహనంగా ఉన్న ఆ రోజులలో పశువైద్యునికి తీరిక ఉండేది కాదు. వైద్యానికి ఉపయోగపడే రబ్బరు పరికరాలను స్వయంగా తయారుచేసుకొనే అలవాటు ఆయనకు ఉండేది. రబ్బరు స్వభావాన్ని చేతులతో తెలుసుకొన్న ఆ అనుభవమే తరువాత ఆయనకు అక్కరకు వచ్చింది.

ఆ కాలపు సైకిళ్ళ స్థితి దయనీయమైనది. తొలినాటి బండ్ల చక్రాలు కొయ్యతో చేసి ఇనుప పట్టా బిగించినవి. వాటిని ఎముకలు కదిలించే బండ్లని జనం పరిహాసంగా పిలిచేవారు. తరువాత చక్రానికి గట్టి రబ్బరు పట్టీ అమర్చారు. చప్పుడు కొంత తగ్గిందే కాని కుదుపు తగ్గలేదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండే బండ్లు కొన్నాళ్ళు రాజ్యమేలాయి. పెద్ద చక్రం చిన్న గోతిలో దిగదు గనుక ప్రయాణం కొంత సుఖంగా ఉండేది. కాని అంత ఎత్తు నుండి తలక్రిందులుగా పడే ప్రమాదం వెన్నంటి ఉండేది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ సమానమైన రెండు చిన్న చక్రాలు, గొలుసు గల క్షేమకరమైన సైకిలును రూపొందించాడు. ప్రమాదం తొలగింది, కాని చిన్న చక్రాలు ప్రతి రాయినీ లెక్కపెట్టసాగాయి. క్షేమం ఒకవైపు, సుఖం మరొకవైపు నిలిచాయి. రెండూ ఒకేచోట చేరే ఉపాయం కోసం లోకం ఎదురుచూస్తున్న సమయం అది.

డన్‌లప్‌కు ఆ సమస్య సొంత ఇంటిలోనే ఎదురైంది. ఆయన చిన్న కుమారుడు జానీ మూడు చక్రాల బండిని బెల్‌ఫాస్ట్ వీధులలో తొక్కేవాడు. రాతిపలకలు పరచిన ఆ వీధులలో గట్టి రబ్బరు చక్రాలు బాలుని ఒళ్ళు హూనం చేసేవి. తండ్రి ఆలోచనలో పడ్డాడు. రోడ్డును మెత్తబరచడం తన వల్ల కాదు. చక్రాన్ని మెత్తబరచడం సాధ్యమే కదా అని తలచాడు. 1887 అక్టోబరులో పలుచని రబ్బరు రేకుతో ఒక గొట్టం తయారుచేసి, దానిని ఒక కొయ్య బిళ్ళ అంచుకు చుట్టి, పైన బట్ట కప్పి బిగించాడు. బంతికి గాలి కొట్టే పంపుతో దానిలో గాలి నింపాడు. కుమారుని బండి నుండి ఒక చక్రాన్ని ఊడదీసి, తన వైద్యశాల పెరటిలో రెండింటినీ ఒకేసారి దొర్లించాడు. పాత చక్రం కొంతదూరం పోయి ఒరిగిపోయింది. గాలిచక్రం పెరడంతా దాటి, గేటు స్తంభానికి తగిలి వెనుకకు ఎగిరి వచ్చింది.

ఆ చిన్న ప్రయోగం ఆయనకు ఊహించని సత్యాన్ని చెప్పింది. ఆయన కోరినది సుఖం. లభించినది సుఖంతోపాటు వేగం. దీనికి కారణం సూక్ష్మంగా ఆలోచిస్తే బోధపడుతుంది. గట్టిచక్రం ఒక రాయిని దాటవలసి వచ్చినప్పుడు బండి, దానిపై ఉన్న మనిషి, బరువు అన్నీ ఆ రాయి ఎత్తుకు లేచి పడవలసిందే. అలా లేపడానికి వ్యయమైన శక్తిలో చాలా భాగం కుదుపు రూపంలో నశిస్తుంది. గాలిచక్రం అలా లేవదు. రాయి తగిలినచోట మాత్రమే అది లోపలికి అణగి, రాయిని తనలో ఇముడ్చుకొని, దాటగానే తిరిగి యథారూపం పొందుతుంది. బండి దాదాపు సమతలంలోనే సాగిపోతుంది. తొక్కేవాని శక్తి ముందుకు పోవడానికే వినియోగపడుతుంది. మెత్తనిది మందగిస్తుందని, గట్టిది వేగంగా పోతుందని అప్పటివరకు ఉన్న నమ్మకం గతుకుల బాటపై నిలవలేదు.

డన్‌లప్ 1888 ఫిబ్రవరిలో కుమారుని బండి వెనుక చక్రాలకు గాలి తొడుగులు అమర్చి పరీక్షించాడు. ఫలితం తృప్తినిచ్చింది. తరువాత పెద్ద సైకిలు చక్రాలకు తగినట్లుగా వాటిని విస్తరించాడు. అదే సంవత్సరం డిసెంబరు 7వ తేదీన ఆయనకు పేటెంటు హక్కు లభించింది.

కొత్తదాన్ని చూసి నవ్వడం లోకస్వభావం. సన్నని గట్టి రబ్బరు పట్టీలకు అలవాటుపడిన కళ్ళకు లావైన గాలిచక్రాలు వికృతంగా తోచాయి. ఆ నవ్వును ఆపినది ఒక పందెం. విలియం హ్యూమ్ అనే బెల్‌ఫాస్ట్ యువకుడు గాలిచక్రాల సైకిలు కొని, 1889 మే 18వ తేదీన క్వీన్స్ కళాశాల క్రీడోత్సవాలలో పాల్గొన్నాడు. అతడు మేటి రౌతు అని ఎవరూ అనుకోలేదు. అయినా ఆనాటి నాలుగు సైకిలు పందేలలోనూ అతడే గెలిచాడు. అనంతరం లివర్‌పూల్ నగరంలో కూడా విజయపరంపర సాగించాడు. ఓడిపోయినవారిలో డబ్లిన్ వ్యాపారి హార్వీ డ్యూక్రో కుమారులున్నారు. కుమారుల ఓటమిలోనే ఒక పరిశ్రమ భవిష్యత్తును ఆ తండ్రి దర్శించాడు. ఆయన చొరవతో 1889 నవంబరులో డబ్లిన్‌లో గాలిచక్రాల కంపెనీ ఏర్పడింది. డన్‌లప్ తన పేటెంటు హక్కును వారికి అప్పగించి, ప్రతిగా 1,500 వాటాలు పుచ్చుకొన్నాడు.

అంతా సవ్యంగా సాగుతున్న వేళ ఒక పిడుగు పడింది. డన్‌లప్ పేటెంటు చెల్లదని 1890లో అధికారికంగా తెలియవచ్చింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు వాసి అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1845లో, ఇరవైమూడేళ్ళ ప్రాయంలో ఇదే భావనకు పేటెంటు పొంది ఉన్నాడు. 1847లో లండన్‌లోని రీజెంట్ పార్కులో గుర్రపు బండ్లకు గాలిచక్రాలు అమర్చి నడిపించి చూపాడు కూడా. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట పనులు ఆరంభించినది ఆ సంవత్సరమే. కాటన్ కాలువలు డెల్టాను సస్యశ్యామలం చేశాయి. థామ్సన్ చక్రాలు మాత్రం లోకం మరపున పడిపోయాయి. ఆనాటికి రబ్బరు ఖరీదైనది. తొక్కి నడిపే సైకిలు ఇంకా పుట్టలేదు. గుర్రపు బండి యజమానికి ఆ చక్రాల అవసరం తోచలేదు. కాలానికి ముందు పుట్టిన కల్పన ఆదరణ లేక అణగిపోయింది. 1873లో కన్నుమూసిన థామ్సన్ తన భావన విజయం చూడలేదు. డన్‌లప్‌కు థామ్సన్ సంగతి ఏమాత్రం తెలియదు. ఇద్దరూ ఎవరికి వారే ఒకే సత్యాన్ని కనుగొన్నారు. అయినా చట్టం మొదట నమోదైన పేరునే గుర్తిస్తుంది.

పేటెంటు పోయినా కంపెనీ నిలిచింది. అందుకు కారణం ఇతరుల కల్పనలు. డన్‌లప్ తొలి తొడుగుకు ఒక పెద్ద లోపం ఉండేది. అది చక్రానికి బట్టతో చుట్టి, జిగురుతో అతికించినది. పంచరు పడితే దానిని విప్పి, బాగుచేసి, మళ్ళీ అతికించి ఆరబెట్టడానికి గంటల కాలం పట్టేది. 1890లో చార్లెస్ వెల్చ్ తొడుగు అంచులలో ఉక్కుతీగ ఇమిడ్చి, దానిని చట్రంలో కూర్చోబెట్టే పద్ధతి కనుగొన్నాడు. అదే ఏడు విలియం బార్ట్‌లెట్ మరొక విధమైన అంచును రూపొందించాడు. వుడ్స్ అనే శిల్పి గాలి లోపలికి పోవడమే కాని బయటకు రాని కవాటాన్ని తయారుచేశాడు. మన సైకిళ్ళ చక్రాలలో సన్నని రబ్బరు గొట్టం తొడిగిన పిన్ను ఆ జాతికి చెందినదే. కంపెనీ ఇటువంటి హక్కులను సంపాదించి బలపడింది. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో సులభంగా విప్పదగిన తొడుగును ప్రవేశపెట్టారు. ఆ ఏడాదే పారిస్ నుండి బ్రెస్ట్ వరకు వెళ్ళి తిరిగివచ్చే సుదీర్ఘమైన పందెంలో షార్ల్ టెరోన్ వాటితో విజయం సాధించాడు. ఆ విధంగా పైన టైరు, లోపల ట్యూబు అనే ద్వంద్వ నిర్మాణం స్థిరపడింది.

ఈ రెండింటి పనులు వేర్వేరు. టైరు కవచం వంటిది. అది నేలను పట్టుకొంటుంది, ముళ్ళను అడ్డుకొంటుంది, మలుపులో బండిని నిలుపుతుంది. ట్యూబు ప్రాణవాయువును దాచే తిత్తి వంటిది. టైరు వెడల్పైనదైతే తక్కువ ఒత్తిడి గల గాలితోనే బరువు మోస్తుంది, గతుకులను మింగుతుంది. సన్నని టైరుకు ఎక్కువ ఒత్తిడి కావాలి. అది నున్నని తారురోడ్డుపై చురుకుగా పరుగెడుతుంది గాని మట్టిబాటలో ఇసుకను కోసుకొంటూ దిగబడుతుంది. గాలి మరీ తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు చట్రానికీ టైరుకూ నడుమ నలిగి, పాముకాటు వలె రెండు చిల్లులు పడతాయి. వెనుక చక్రంపై బరువు అధికం గనుక దానికి గాలి కొంత హెచ్చుగా, ముందు చక్రానికి కొంత తక్కువగా ఉండడం మేలు. ముందు చక్రం కాస్త మెత్తగా ఉంటే చేతులకు కుదుపు తగ్గుతుంది. మరీ మెత్తబడితే హ్యాండిలు మాట వినదు. ట్యూబుల్లోనూ భేదం ఉంది. సహజ రబ్బరు ట్యూబు సాగే గుణం కలది, ప్రయాణానికి హాయి గొలుపుతుంది, కాని గాలిని త్వరగా కోల్పోతుంది. 1937లో అమెరికాలో ఆవిర్భవించిన బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేసిన ట్యూబు అంత మృదువు కాకపోయినా గాలిని చాలా రోజులు నిలుపుతుంది. నిత్యం బరువు మోసే సైకిలుకు వెడల్పైన టైరు, గాలి నిలిచే ట్యూబు తగినవి. పందెపు సైకిలు అవసరం వేరు. అందరికీ ఒకటే మంచిదనే మాట ఇక్కడ చెల్లదు; బాటను, బరువును, పనిని బట్టి ఎంపిక ఉండాలి.

గాలిచక్రం మానవునికి సుఖం తెచ్చినట్లే దుఃఖాన్ని కూడా తెచ్చింది. సైకిళ్ళు, తరువాత మోటారు వాహనాలు పెరగడంతో రబ్బరుకు ఎనలేని గిరాకీ ఏర్పడింది. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతం 1885 నుండి 1908 వరకు బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ సొంత ఏలుబడిలో ఉండేది. అడవిరబ్బరు తేవాలని అక్కడి ప్రజలను నిర్బంధించి, తేలేనివారిని క్రూరంగా హింసించారు. లెక్కలేనంతమంది ప్రాణాలు కోల్పోయారు. 1904లో రోజర్ కేస్‌మెంట్ సమర్పించిన నివేదిక ఈ ఘోరాన్ని బయటపెట్టింది. బెల్‌ఫాస్ట్ పెరటిలో ఒక తండ్రి కుమారుని సుఖం కోరి చేసిన పనికి ఇంతటి పర్యవసానం ఉంటుందని ఎవరూ ఊహించలేరు. ఒక వస్తువు మంచిదైనంత మాత్రాన దానిని సంపాదించే మార్గమంతా మంచిది కాజాలదన్న గుణపాఠం ఈ చరిత్రలో ఉంది.

డన్‌లప్‌కు వ్యాపారపు ఎత్తులు సరిపడలేదు. 1895లో ఆయన కంపెనీ నుండి తప్పుకొన్నాడు. ఆ మరుసటి సంవత్సరమే డ్యూక్రో ఆ వ్యాపారాన్ని ముప్పై లక్షల పౌండ్లకు టెరా హూలీ అనే ధనికునికి అమ్మాడు. హూలీ దానిని యాభై లక్షలకు ప్రజలకు విక్రయించాడు. ఆ సంపదలో డన్‌లప్‌కు దక్కినది స్వల్పం. ఆయన పేరు మాత్రం కంపెనీకి శాశ్వతంగా ఉండిపోయింది. గడ్డం పెంచిన ఆయన ముఖచిత్రం ప్రకటనలలో లోకమంతా తిరిగింది. వృద్ధాప్యంలో ఒక వింత బాధ ఆయనను వెంటాడింది. ప్రకటనలలో తనను పొడవైన టోపీ, ఒంటికంటి అద్దం ధరించిన షోకిలా పురుషునిగా చిత్రించారని నొచ్చుకొని ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. తన పేరు పెట్టుకొన్న కంపెనీతో తానే వ్యాజ్యమాడవలసి వచ్చింది. ఆ వివాదం బ్రిటన్ ప్రభువుల సభ వరకు వెళ్ళింది. ధనం చేజారినందుకు రచ్చకెక్కని ఆ వృద్ధుడు మర్యాద చేజారుతున్నదని తోచినప్పుడు ఊరకుండలేదు. ఆయన స్వభావాన్ని తెలుసుకోవడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

డన్‌లప్ చివరి దశ డబ్లిన్‌లో గడిచింది. బలహీనుడనని జీవితమంతా భావించుకొన్న ఆయనకు ఎనభై ఏళ్ళు దాటేవరకు చెప్పుకోదగిన జబ్బు రాలేదు. 1921 అక్టోబరులో జలుబు సోకి, అనుకోకుండా 23వ తేదీన కన్నుమూశాడు. డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. గాలిచక్రం చరిత్రను గురించి ఆయన రాసుకొన్న గ్రంథం మరణానంతరం వెలువడింది. తరువాతి కాలంలో ఉత్తర ఐర్లండులోని నార్తర్న్ బ్యాంకు తన పది పౌండ్ల నోటుపై ఆయన చిత్రాన్ని ముద్రించి గౌరవించింది.

ఆయన పేరు మన దేశానికీ చేరింది. 1936లో పశ్చిమ బెంగాల్ ప్రాంతంలోని సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారం నెలకొన్నది. దశాబ్దాల పాటు నడిచి అది మూతపడింది. కాని గాలిచక్రం ఆగలేదు. ఇనుప పట్టాల ఎద్దుబండి స్థానంలో టైరుబండి వచ్చినప్పుడు ఎద్దుల మెడమీది భారం తగ్గింది, బాటలు కోతపడడం తగ్గింది. జంతువుల బాధలు తీర్చే వృత్తిలో బ్రతికిన వైద్యుని కల్పన మన పల్లెల్లోని మూగజీవాలకు కూడా మేలు చేయడం సముచితంగా ఉన్నది.

థామ్సన్ ముందుగా కనుగొన్నాడు. డన్‌లప్ లోకానికి అందించాడు. వెల్చ్, బార్ట్‌లెట్, వుడ్స్, మిషెలిన్ సోదరులు దానికి మెరుగులు దిద్దారు. హ్యూమ్ దాని సత్తాను చాటాడు. ఇందులో ఎవరిని తీసివేసినా కథ పూర్తికాదు. కీర్తిని ఒకరికే కట్టబెట్టడం లోకానికి సులభం. పంచి ఇవ్వడం న్యాయం. పంచరు దుకాణం ముందు నీటిపళ్ళెంలో ట్యూబును ముంచి, బుడగలు లేచినచోట గుర్తుపెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అతుకువేసే పనివాడు కూడా ఆ పరంపరలోని వాడే. అతడి చేతిలో బాగుపడిన సైకిలు తెల్లవారేసరికి కడియం పూలను సంతకు చేరుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

రూపశిల్పి : ఆకారాన్ని కల్పించినవాడు
విహారం : తిరగడం, నడవడి
అక్కరకు వచ్చు : అవసరానికి ఉపయోగపడు
సమతలం : ఎత్తుపల్లాలు లేని తలం
రౌతు : వాహనాన్ని ఎక్కి నడిపేవాడు
సస్యశ్యామలం : పైరులతో పచ్చనైనది
కవాటం : తలుపు, గాలిని ఒకే దిశలో పోనిచ్చే సాధనం
తిత్తి : గాలి లేదా నీరు పట్టే సంచి
ఏలుబడి : పరిపాలన
పర్యవసానం : చివరి ఫలితం
వ్యాజ్యం : న్యాయస్థానంలో వేసిన దావా
షోకిలా : వేషభాషల మీద మోజు గలవాడు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. డన్‌లప్ గాలిచక్రాన్ని రూపొందించిన విధానాన్ని, అది లోకం మెప్పు పొందిన తీరును వివరించండి.
2. నూతన కల్పన అనేకుల కృషి ఫలమనే భావాన్ని పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానాలు రాయండి.
1. గట్టిచక్రం కంటే గాలిచక్రం గతుకుల బాటలో వేగంగా పోవడానికి కారణమేమి?
2. థామ్సన్ కల్పన ఆదరణ పొందకపోవడానికి కారణాలు తెలపండి.
3. టైరు, ట్యూబుల ఎంపికలో గమనించవలసిన అంశాలేవి?
4. వృద్ధాప్యంలో డన్‌లప్ న్యాయస్థానాన్ని ఎందుకు ఆశ్రయించాడు?

III. భాషాభ్యాసం
1. సంధి విడదీసి పేరు తెలపండి : క్రీడోత్సవాలు, మరణానంతరం.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి : ఆహార విహారాలు, విజయపరంపర.